చిమ్నీ మరమ్మతు అంచనాను ఎంతవరకు నమ్మాలి?

ఏడాదికోసారి శుభ్రం చేయించుకోవడానికి పిలిచిన చిమ్నీ పనివారు గంటసేపు పైకీ కిందికీ తిరిగి, చివరికి రెండు మూడు ఫొటోలు చూపించి, లోపలి గొట్టం పగిలిందని, ఈ స్థితిలో పొయ్యి వెలిగిస్తే ఇల్లే అంటుకోవచ్చని, గొట్టం మొత్తం మార్చక తప్పదని చెప్పి, శుభ్రతకు తీసుకున్న సొమ్ముకు ఎన్నో రెట్లున్న అంచనా కాగితాన్ని చేతిలో పెట్టి వెళ్లడం ఫైర్‌ప్లేస్ ఉన్న ఇళ్లవారికి కొత్త కాదు. ఈ వ్యాసం వంటగదిలో పొగను లాగే యంత్రం గురించి కాదు. కట్టెల పొయ్యి, గ్యాస్ హీటరు, బాయిలరు వంటివాటి పొగనూ వాయువులనూ ఇంటి కప్పు మీదుగా బయటికి పంపే ఇటుక లేదా లోహపు చిమ్నీ గురించి. ఆ కాగితం చదివిన ఇంటివారిని రెండు భయాలు ఒకేసారి పట్టుకుంటాయి. నమ్మితే డబ్బు పోతుందేమో, నమ్మకపోతే ఇల్లు కాలుతుందేమో. ఆ రెంటి మధ్య ఊగిసలాడి, చాలామంది ఎదుటి మనిషి మాటతీరును బట్టి నిర్ణయం తీసుకుంటారు. చిమ్నీ విషయంలో అది బొత్తిగా పనికిరాని కొలమానం.

ఇలాంటి సేవల ఇబ్బందిని ఆర్థికశాస్త్రం ఎప్పుడో గుర్తించింది. కొన్నాక, వాడి చూశాక కూడా మనకు నిజంగా అవసరమైనదే అమ్మారా లేదా అన్నది తేలని సేవలు కొన్ని ఉంటాయని, లోపాన్ని కనిపెట్టేవారూ దాన్ని బాగుచేసేవారూ ఒకరే అయినప్పుడు అక్కడ మోసానికి చోటు ఏర్పడుతుందని 1973లో మైకేల్ డార్బీ, ఎడీ కార్నీ అనే ఆర్థికవేత్తలు వివరించారు. చిమ్నీ మరమ్మతు ఈ కోవకు అచ్చంగా సరిపోతుంది. గొట్టం మార్పించాక పదేళ్లు ఏ ప్రమాదమూ జరగలేదనుకుందాం. మార్పించడం వల్లనే జరగలేదా, మార్పించకపోయినా జరిగేది కాదా అన్నది ఇంటివారికి ఎన్నటికీ తెలియదు. పని ఫలితం చూసి పనివారి నిజాయితీని తేల్చే అవకాశమే లేనప్పుడు, పని మొదలవకముందే వారు చూపిన ఆధారాన్ని పరీక్షించడం తప్ప దారి లేదు.

ఈ చిక్కును జర్మనీ కొంతవరకు చట్టంతో విప్పింది. అక్కడ 2012 చివరి వరకు ఒక ప్రాంతంలోని చిమ్నీ పనులు ఆ ప్రాంతానికి నియమితుడైన నిపుణుడితోనే చేయించుకోవాలి. 2013 నుంచి శుభ్రత వంటి పనులకు ఎవరిని పిలవాలన్నది ఇంటివారి ఇష్టం; ఏ పని ఎప్పటిలోగా జరగాలన్నది మాత్రం అధికారం పొందిన ప్రాంతీయ నిపుణుడు రాతపూర్వకంగా నిర్ణయిస్తాడు. అంటే పని అవసరమని చెప్పే మాటకూ, పని ఎవరికి దక్కుతుందన్న విషయానికీ మధ్య ఒక గోడ కట్టారు. అమెరికాలో అటువంటి గోడ లేదు. చాలా రాష్ట్రాల్లో చిమ్నీ పనికంటూ ప్రత్యేక లైసెన్సు తప్పనిసరి కాదు. అక్కడి చిమ్నీ సేఫ్టీ ఇన్‌స్టిట్యూట్ ఇచ్చే ధ్రువపత్రం కూడా ఇష్టమున్నవారు పరీక్ష రాసి తెచ్చుకునేదే. గోడ లేని చోట దాన్ని ఇంటివారే కట్టుకోవాలి.

అంతకుముందు ఒక మాట చెప్పాలి. పెద్ద అంచనా ఇచ్చిన ప్రతివారూ మోసగాళ్లు కారు. తాను సరేనని చెప్పిన చిమ్నీలో రేపు మంట లేస్తే బాధ్యత తన మెడకు చుట్టుకుంటుందన్న భయంతో, ఏ చిన్న లోపం కనిపించినా అన్నిటికంటే పెద్ద పరిష్కారాన్నే రాసిచ్చే నిజాయితీపరులు ఉంటారు. తమ సంస్థ ఒకే రకం పని చేస్తుంది కాబట్టి ప్రతి లోపానికీ అదే మందు అని నమ్మేవారూ ఉంటారు. అందుచేత ఈ మనిషి మంచివాడా కాదా అన్న ప్రశ్నకు జవాబు దొరికినా, ఈ పని అవసరమా కాదా అన్న ప్రశ్నకు జవాబు దొరకదు.

ప్రమాదం వేరు, తొందర వేరు

అంచనా కాగితంతో పాటు దాదాపు ఎప్పుడూ వచ్చే మాట, వెంటనే చేయించాలన్నది. ఈ రోజే సంతకం చేస్తే తగ్గింపు అని, వచ్చే వారం నుంచి ఖాళీ ఉండదని, ఆలస్యం ప్రాణాల మీదికి తెస్తుందని చెబుతారు. ఇందులో ప్రమాదానికి సంబంధించిన భాగం నిజమే కావచ్చు. కట్టెల మసి పేరుకున్న గొట్టంలో మంట లేస్తే వేడి 1000 డిగ్రీల సెల్సియస్ దాటగలదు. లోపలి మట్టి గొట్టం ఆ దెబ్బకు నిలువునా చీలుతుంది. చీలిక వెంట వేడి ఇంటి కలప వాసాలను చేరుతుంది. ఇది అతిశయోక్తి కాదు. అయితే ఈ ప్రమాదమంతా నిప్పు పెట్టినప్పుడే ఉంటుంది. పొయ్యి వెలిగించడం మానేస్తే పగిలిన గొట్టం నుంచి మంటల ముప్పు అక్కడితో ఆగిపోతుంది. దానికి ఖర్చు లేదు. ఎవరి అనుమతీ అక్కరలేదు. ఆ విరామంలో రెండో నిపుణుణ్ని పిలవవచ్చు, కాగితాలు తెప్పించుకోవచ్చు, నిదానంగా ఆలోచించవచ్చు. పనివారిని నమ్మాలో వద్దో తేలేలోగా వారి హెచ్చరికను పాటించడమే ఉత్తమమన్నది వినడానికి వింతగా ఉన్నా, మొత్తం చిక్కుముడిలో మొదట లాగవలసిన కొస అదే. హెచ్చరికను నమ్మినంత మాత్రాన అంచనాను నమ్మినట్టు కాదు.

పొయ్యి ఆర్పేస్తామని, మళ్లీ పరీక్ష చేయించాకే వెలిగిస్తామని చెప్పినప్పుడు ఎదుటివారు ఎలా స్పందిస్తారో గమనించడం మంచిది. మంట గురించి నిజంగా దిగులుపడినవారు ఊరట చెందుతారు. అప్పటికీ సంతకం ఈ పూటే కావాలని పట్టుబడితే, ఆ తొందర మీ ఇంటి కోసం కాదన్నది స్పష్టం.

దీనికి మినహాయింపులు ఉన్నాయి. గ్యాస్ లేదా నూనె హీటరు వాయువులు అదే చిమ్నీ గుండా పోతుంటే, గొట్టం మూసుకుపోయినా విరిగిపడినా కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి తిరగబెట్టవచ్చు. రంగూ వాసనా లేని ఆ వాయువు నిద్రలోనే ప్రాణం తీస్తుంది. చలికాలంలో హీటరు ఆపి కూర్చోవడమూ కుదరదు. అటువంటప్పుడు ఆ పరికరాన్ని ఆపేసి, చిమ్నీ వ్యాపారంతో సంబంధం లేని హీటింగ్ నిపుణుణ్ని గాని, గ్యాస్ సరఫరా సంస్థను గాని అదే రోజు పిలిపించాలి. కార్బన్ మోనాక్సైడ్ అలారం ఇంట్లో ఉండి తీరవలసిందే. కానీ అది ఉంది కదా అని అనుమానమున్న హీటరును నడపకూడదు. కప్పు మీద చిమ్నీ ఒక పక్కకు ఒరిగి ఇటుకలు రాలుతున్నా ఆగే పని కాదు, ఎందుకంటే దాని ముప్పుకు నిప్పుతో పని లేదు. నీరు కారడం ఈ రెంటికీ మధ్యస్థం: వారాలు ఆగవచ్చు, చలికాలాలు ఆగకూడదు.

ఒకే వాక్యంలో నాలుగు వాదనలు

గొట్టం పగిలింది, మార్చాలి అన్న చిన్న మాటలో నాలుగు వేర్వేరు వాదనలు ఒకదానిలో ఒకటి ఇమిడి ఉంటాయి. ఫలానాది కనిపించిందన్నది మొదటిది. దానికి ఫలానా కారణమన్నది రెండోది. దానివల్ల ఇంత ప్రమాదమన్నది మూడోది. దానికి ఇదొక్కటే పరిష్కారమన్నది నాలుగోది. మొదటిది నిజమైనంత మాత్రాన మిగతా మూడూ నిజం కానక్కరలేదు. అమ్మకపు నేర్పు తెలిసినవారు మొదటిదాన్ని ఫొటోతో రుజువు చేసి, ఆ రుజువు వేడి చల్లారకముందే నాలుగోదానికి సంతకం పెట్టించుకుంటారు. ఒక్కోదాన్ని విడదీసి అడిగితే ఆ నేర్పు పనిచేయదు.

కనిపించిందన్నదాన్ని పరీక్షించడం అన్నిటికంటే తేలిక. ఇటుక చిమ్నీ లోపల సాధారణంగా 2 అడుగుల పొడవుండే కాల్చిన మట్టి గొట్టాలను ఒకదానిపై ఒకటి నిలబెట్టి, అతుకుల దగ్గర మాలు పెడతారు. కెమెరా పైకి వెళుతున్నకొద్దీ ప్రతి 2 అడుగులకూ ఒక అడ్డగీత కనిపిస్తుంది. ఆ గీత నల్లగా ఉండటం దానంతటది లోపం కాదు. అతుకు దగ్గర మసి చేరడం, ఒక గొట్టం అంచు నీడ మరోదానిపై పడటం మామూలే. మాలు నిజంగా రాలిపోయిన చోట కెమెరా దీపాన్ని పక్కకు తిప్పితే వెలుగు లోతుకు వెళుతుంది, వెనుక ఇటుకో ఖాళీయో కనిపిస్తుంది. నీడైతే దీపంతో పాటు కదిలిపోతుంది. నిలువు పగులు విషయంలోనూ ఇంతే: వెంట్రుకవాసి గీత వేరు, అంచులు విడిపోయి లోపలికి చూపు దూరే చీలిక వేరు. నిశ్చలమైన ఒక్క ఫొటోలో ఈ తేడా తెలియదు. అందుకే వీడియో కావాలి. అది కూడా మీ పొయ్యి గూట్లోనో, మీ కప్పు మీదో గుర్తుపట్టగలిగిన చోట మొదలై, మధ్యలో తెగకుండా చివరిదాకా సాగాలి. లోపమున్నది పైనుంచి ఎన్నో అతుకు దగ్గరో రాసివ్వమనాలి. స్థానం రాసి ఉంటేనే రెండో నిపుణుడు అదే చోటు చూసి ఔననో కాదనో చెప్పగలడు. వేరే ఇంటి ఫొటో చూపించే మోసానికి కూడా దీనితోనే అడ్డుకట్ట పడుతుంది.

వీడియో ఇవ్వడానికి నిరాకరించేవారితో వాదన అనవసరం. డబ్బు చెల్లించి చేయించుకున్న పరీక్ష ఫలితం ఇంటివారిది.

పరీక్ష ఏ స్థాయిలో జరిగిందన్నది కూడా ఇక్కడే తేలాలి. అమెరికాలోని నేషనల్ ఫైర్ ప్రొటెక్షన్ అసోసియేషన్ రూపొందించిన ఎన్ఎఫ్‌పీఏ 211 ప్రమాణం చిమ్నీని కనీసం ఏడాదికోసారి పరీక్షించాలని చెబుతూ, పరీక్షలను మూడు స్థాయిలుగా విభజించింది. మొదటి స్థాయిలో సులువుగా అందే భాగాలను మాత్రమే చూస్తారు. వాడుకలో మార్పేమీ లేని ఇంటికి ఏటా చేసేది ఇదే. ఇల్లు చేతులు మారినప్పుడు, ఇంధనమో పరికరమో మార్చినప్పుడు, చిమ్నీలో మంట లేచాక, భూకంపం వంటివి వచ్చాక రెండో స్థాయి పరీక్ష చేయాలి. ఇందులో గొట్టం లోపలంతా కెమెరాతోనో తత్సమానమైన పద్ధతితోనో చూస్తారు, అటక, నేలమాళిగ వంటి చోట్లకూ వెళతారు. మూడో స్థాయిలో దాగి ఉన్న భాగాన్ని చూడటానికి గోడనో చిమ్నీనో కొంత పగలగొడతారు; మొదటి రెండింట్లో గట్టి అనుమానం కలిగితేనే దీనికి వెళ్లాలి. ఈ విభజన తెలిస్తే కాగితంలోని అతకని మాటలు బయటపడతాయి. టార్చిలైటుతో కిందినుంచి చూసినవారు రెండో స్థాయి పరీక్ష చేయిద్దామంటే అది సబబైన సలహా. అదే మనిషి కెమెరా దించకుండానే గొట్టం మొత్తం మార్చాలంటే, చూడనిదాన్ని గురించి తీర్పు చెప్పినట్టే.

కారణం దగ్గర జరిగే పొరపాట్లు

చిమ్నీకి నిప్పు కంటే నీరే ఎక్కువ చేటు చేస్తుంది. ఏడాదిలో పొయ్యి వెలిగించే కొన్ని రోజులే అది వేడెక్కుతుంది. వానకు మాత్రం ఏడాది పొడవునా నిలబడుతుంది. గది కప్పు మీద చెమ్మ మరక కనిపించగానే పై భాగమంతా కూల్చి కట్టాలనే సలహా వస్తుంటుంది. నీరు చొరబడటానికి కనీసం నాలుగు దారులున్నాయి: గొట్టం పైన మూత, అంటే క్యాప్, లేకపోవడం, చిమ్నీ నెత్తిన పోసిన సిమెంటు పలక, అంటే క్రౌన్, పగలడం, ఇటుకలూ వాటి మధ్య మాలు నింపిన దరజులూ నీటిని పీల్చడం, చిమ్నీ కప్పును కలిసే చోట అమర్చే లోహపు రేకు, అంటే ఫ్లాషింగ్, లేచిపోవడం. వీటిలో ఏది దోషి అన్నది పొడి రోజున నీళ్ల పైపుతో తేల్చవచ్చు. మొదట రేకు ఉన్న కింది భాగం మీద మాత్రమే కాసేపు నీళ్లు వదలాలి. లోపల చెమ్మ రాకపోతే ఇటుకల మీదికి, తరువాత క్రౌన్ మీదికి, ఇలా కింది నుంచి పైకి జరగాలి. పైనుంచి మొదలుపెడితే నీరు అన్నిటి మీదుగా జారి ఏదీ తేలదు. ఈ పరీక్ష చేయకుండా, ఒక్కోసారి కప్పు ఎక్కకుండానే, కొత్త చిమ్నీకి అంచనా రాసేవారున్నారు. చిమ్నీని కూల్చి కట్టినా రేకు పాతదే మిగిలితే మరక మళ్లీ వస్తుంది.

ఇటుకల మీద తెల్లటి ఉప్పు పొర కనిపిస్తే చిమ్నీ కుళ్లిపోయిందని భయపెడతారు. ఆ పొర నష్టం కాదు. నీరు ఇటుకలోంచి పోతూ లవణాలను పైకి తెచ్చిందనడానికి ఆనవాలు. పెచ్చులూడటం మాత్రం నిజమైన నష్టమే, ముఖ్యంగా ఇటుకలో చేరిన నీరు గడ్డకట్టి మళ్లీ కరిగే చలి ప్రాంతాల్లో. దరజుల సంగతి స్క్రూడ్రైవరుతో గీకి చూస్తే తెలుస్తుంది. గట్టిగా నిలిస్తే పని లేదు. ఇసుకలా లోపలిదాకా రాలిపోతుంటే పాత మాలు గీకేసి కొత్తది నింపే పాయింటింగ్ చేయించాలి. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. సున్నపు మాలుతో కట్టిన పాత మెత్తటి ఇటుకలకు గట్టి సిమెంటుతో పాయింటింగ్ చేస్తే, చెమ్మ దరజు గుండా బయటికి పోలేక ఇటుకనే పెచ్చులుగా ఊడదీస్తుంది. ఏ మాలు వాడతారని అడిగినప్పుడు తడుముకోకుండా జవాబిచ్చేవారికి పని తెలుసని అనుకోవచ్చు. నీరు పట్టకుండా పూసే పూత కూడా లోపలి ఆవిరిని బయటికి పోనిచ్చే రకమై ఉండాలి. మామూలు రంగు పూస్తే మేలు కంటే కీడే ఎక్కువ.

కారణం గురించి మరో రకం చిక్కు బీమా వైపు నుంచి వస్తుంది. హఠాత్తుగా జరిగిన మంటకు ఇంటి బీమా వర్తించవచ్చు గానీ, ఏళ్ల తరబడి జరిగిన అరుగుదలకు సాధారణంగా వర్తించదు. కనుక గొట్టంలో ఎప్పుడో మంట లేచిందని రాసి, బీమా సొమ్ము ఇప్పిస్తామనే ఆశ చూపేవారు ఎదురవుతారు. చిమ్నీ మంట ఆనవాళ్లు వదిలి వెళుతుంది: కట్టెల పొగ నుంచి గొట్టం గోడలకు పేరుకునే తారువంటి మసి, అంటే క్రియోసోట్, తేనెపట్టులా ఉబ్బి బోలుగా మారుతుంది, గొట్టాన్ని మూసి తెరిచే డ్యాంపర్ పలక వంకర తిరుగుతుంది, క్యాప్ రంగు మారుతుంది, మసి పెచ్చులు కప్పు మీద పడి ఉంటాయి. ఇవేవీ చూపించకుండా కేవలం పగులును చూపి మంట అని రాయించుకోవడం బీమా సంస్థకు తప్పుడు సమాచారం ఇవ్వడమే అవుతుంది, ఆ సంతకం ఇంటివారిదే.

నిబంధనకు చాలకపోవడం, ప్రమాదకరం కావడం

నిజాయితీగా చూసిన ఇద్దరు నిపుణులు కూడా విభేదించేది ఎక్కువగా ఇక్కడే. ఈనాటి నిర్మాణ నిబంధనల ప్రకారం ఈ చిమ్నీ తప్పు అన్న మాట నిజమై కూడా, మార్చి తీరాలన్నది నిజం కాకపోవచ్చు. సాధారణంగా నిబంధనలు కొత్త కట్టడాలకూ, కొత్తగా చేసే మార్పులకూ వర్తిస్తాయి. కట్టిన నాటి నియమాలకు లోబడి ఉన్న పాత చిమ్నీని, అది ప్రమాదకరంగా మారితే తప్ప, కొలతలు చాలలేదని కూల్చమనవు. ఉదాహరణకు, చిమ్నీ తాను కప్పును చీల్చుకు వచ్చిన చోటు నుంచి కనీసం 3 అడుగులు, చుట్టూ 10 అడుగుల లోపల ఉన్న దేనికంటేనైనా 2 అడుగులు ఎత్తుండాలన్నది అమెరికాలో వాడుకలో ఉన్న నియమం. పాత చిమ్నీ దీనికి 4 అంగుళాలు తగ్గి, ఇన్నేళ్లుగా పొగ చక్కగా లాగుతుంటే, ఎత్తు పెంచడం అత్యవసరం కాదు. కానీ ఇంటి లోపల ఉన్న ఇటుక చిమ్నీకీ పక్కనున్న కలపకూ మధ్య 2 అంగుళాల ఖాళీ, బయటి గోడకు ఆనుకున్నదైతే 1 అంగుళం ఖాళీ ఉండాలన్న నియమం అలాంటిది కాదు. ఏళ్ల తరబడి వేడి తగిలిన కలప తక్కువ ఉష్ణోగ్రతకే అంటుకునే స్థితికి వస్తుంది. ఇక్కడ ఖాళీ లేదని, దానికి తోడు గొట్టం చీలిందని తేలితే, అది కాగితపు లోపం కాదు.

కాబట్టి ఇది నిబంధనకు విరుద్ధం అన్నప్పుడు, ఏ నిబంధన, ఎన్నో విభాగం, పాత కట్టడాలకు వర్తిస్తుందా అని రాసివ్వమని అడగాలి. స్థానిక భవన నిర్మాణ అధికారికి ఫోన్ చేస్తే ఆ మాట నిజమో కాదో చాలావరకు తెలిసిపోతుంది. ఎన్ఎఫ్‌పీఏ 211 కూడా ఒక ప్రమాణమే. ఏదైనా ప్రాంతం దాన్ని తన నిబంధనల్లో స్వీకరించినప్పుడే అక్కడ చట్టబలం వస్తుంది.

పరిష్కారాన్ని కొలత పెట్టి చూడటం

నాలుగో వాదన దగ్గరే డబ్బంతా ఉంటుంది. క్రౌన్ మీద సన్నటి పగుళ్లుంటే సాగే గుణమున్న పూత సరిపోతుంది; ముక్కలుగా విడిపోతే కొత్తగా పోయాలి. ఒకటి రెండు అతుకుల్లో మాలు రాలితే లోపలి నుంచి వేడిని తట్టుకునే మిశ్రమంతో పూడ్చే పద్ధతులున్నాయి. గొట్టాలు చాలాచోట్ల చీలితే వాటి లోపలికి కొత్త లోహపు గొట్టం, అంటే స్టీలు లైనర్, దించడం మామూలు పరిష్కారం. అన్నిటికంటే చవకైన పరిష్కారం మాత్రం అంచనాల్లో ఎప్పుడూ కనిపించదు. ఆ పొయ్యిని ఇక వాడకూడదని నిర్ణయించుకుని, చిమ్నీని వాన చొరకుండా గాలి ఆడేలా మూయించడమే అది. ఏడాదికి రెండు సాయంత్రాలు వెలిగించే పొయ్యికి భారీ మరమ్మతు చేయించాలా అన్నది చిమ్నీ పనివారిని అడగవలసిన ప్రశ్న కాదు.

లైనర్ విషయంలో ఇంటివారే వేయగల లెక్క ఒకటుంది. తెరిచి ఉండే ఫైర్‌ప్లేస్‌కు గొట్టం లోపలి వైశాల్యం పొయ్యి నోటి వైశాల్యంలో సుమారు పదో వంతు ఉండాలన్నది చిమ్నీ పనివారు పాటించే వాడుక లెక్క. నోరు 36 అంగుళాల వెడల్పు, 30 అంగుళాల ఎత్తు అనుకుంటే వైశాల్యం 1080 చదరపు అంగుళాలు. గొట్టానికి సుమారు 108 కావాలి. అంచనాలో 8 అంగుళాల గుండ్రటి లైనర్ రాసి ఉంటే దాని వైశాల్యం 50 చదరపు అంగుళాలే, అంటే కావలసినదానిలో సగం కూడా లేదు. అది దించితే పొగ గదిలోకే తిరగబెడుతుంది. ఇదే 8 అంగుళాల లైనర్ మూతపడే తలుపున్న కట్టెల స్టవ్‌కు చక్కగా సరిపోవచ్చు. ఈ లెక్కను ముందు పెట్టి అడిగినప్పుడు, ఫలానా కారణంతో ఫలానా వ్యాసం ఎంచుకున్నామని వివరించేవారు ఒక రకం. అన్ని ఇళ్లకూ ఇదే వేస్తామండీ అనేవారు మరో రకం. లోహపు శ్రేణి, మందం, చుట్టూ వేడిని ఆపే ఇన్సులేషన్ పొర ఉందా లేదా, చిమ్నీ లైనర్ల భద్రతకు సంబంధించిన యూఎల్ 1777 ప్రమాణం కింద నమోదైనదా అన్న వివరాలూ కాగితంలో ఉండాలి. చిమ్నీకీ కలపకూ మధ్య తగిన ఖాళీ లేని ఇంట్లో ఇన్సులేషన్ లేని లైనర్ దించడం డబ్బు పోసి అదే ప్రమాదాన్ని మళ్లీ కొనుక్కోవడమే.

ఖరీదైన సలహాయే సరైనదయ్యే సందర్భాలు కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే అనుమానం ముదిరితే అదీ అపాయమే. క్రియోసోట్ తారులా కరిగి నిగనిగలాడే గట్టి పొరగా మారితే మామూలు బ్రష్‌కు రాదు. రసాయనాలో తిరిగే గొలుసులో వాడాలి, అప్పటికీ పోకపోతే గొట్టం మార్చవలసి రావచ్చు. ఫ్యాక్టరీలో తయారైన లోహపు ఫైర్‌ప్లేస్‌కు దాని తయారీదారు సూచించిన భాగాలే వాడాలి. ఆ నమూనా ఉత్పత్తి ఆగిపోయి, ముఖ్యభాగం పాడైతే మొత్తం మార్చమనడంలో మోసం లేదు. మరొకటి, పైకి ఏ లోపమూ కనిపించని సందర్భం. ఇంటిని వేడిచేసే పాత ఫర్నేసు తీసేసి అధిక సామర్థ్యం గలది పెట్టినప్పుడు దాని వాయువులు వేరే పైపులో గోడ గుండా పోతాయి. అంతదాకా చిమ్నీని దానితో పంచుకున్న నీళ్ల హీటరు ఆ పెద్ద గొట్టానికి ఒక్కటే మిగులుతుంది. దాని కొద్దిపాటి వేడి చాలక వాయువులు మధ్యలోనే చల్లబడి, ఆమ్లగుణమున్న నీరుగా మారి, లోపలి నుంచి మాలును తినేస్తాయి. పొగ లాగడమూ మందగిస్తుంది. ఇప్పుడు చిన్న లైనర్ వేయించమన్నవారు అనవసరపు పని అంటగడుతున్నట్టు కనిపిస్తారు గానీ, వారు చెప్పేది అక్షరాలా నిజం.

రెండో అభిప్రాయం తీసుకునే తీరు

రెండో నిపుణుణ్ని పిలిచి మొదటి కాగితం చూపించి, ఇది నిజమేనా, మీరైతే ఎంతకు చేస్తారు అని అడగడం చాలామంది చేసే పని. దానివల్ల రెండో అభిప్రాయం రాదు, అదే పనికి రెండో ధర వస్తుంది. మొదటి కాగితం పక్కన పెట్టి, కెమెరాతో రెండో స్థాయి పరీక్ష చేసి, చూసినదంతా రాసివ్వమని అడగాలి. మరమ్మతు పని మీకు ఇవ్వబోమని, పరీక్షకు తగిన రుసుము ఇస్తామని ముందే చెప్పాలి. మరమ్మతులు చేయకుండా పరీక్షలు మాత్రమే చేసేవారు దొరికితే మరీ మంచిది. నామమాత్రపు ధరకు శుభ్రత అని ప్రకటించేవారి దగ్గర ఈ పరీక్ష చేయించకూడదు. అంత తక్కువకు వచ్చిన మనిషి కూలి మరమ్మతు అమ్మితే తప్ప గిట్టదు.

రెండు నివేదికలూ వచ్చాక వాటిని ఓట్లలా లెక్కించకూడదు. ఇద్దరూ ఒకే అతుకు దగ్గర ఒకే చీలికను చూశారా అన్నది మొదట చూడాలి. చూసినది ఒకటే అయి, పరిష్కారాలు వేరైతే, విభేదం ప్రమాదపు అంచనాలోనో, ఏ నిబంధన వర్తిస్తుందన్నదానిలోనో ఉంది. అది మాట్లాడి తేల్చుకోగలిగినదే, కావాలంటే మూడోవారికి వీడియో పంపినా చాలు. చూసినదే వేరైతే ఒకరు సరిగా చూడలేదు, లేదా ఉన్నది ఉన్నట్టు చెప్పలేదు. అప్పుడు తెగకుండా సాగిన వీడియో ఎవరిదగ్గరుందో వారి మాటకు విలువ ఎక్కువ. తక్కువ ధర చెప్పినవారే నిజాయితీపరులన్న లెక్క కూడా పొరపాటే. చీలిక మీద పైపైన మాలు మెత్తి సరిపెట్టేవారు ఎప్పుడూ చవకగానే చేస్తారు.

పని ఇవ్వాలని నిర్ణయించుకున్నాక ఒప్పందంలో కొన్ని మాటలు పడాలి. ఏ భాగం, ఏ సరుకు, ఏ వ్యాసం, స్థానిక అనుమతి అవసరమైతే ఎవరు తెస్తారు, ప్రమాద బీమా పత్రం ఉందా, లైనర్‌కు తయారీదారు హామీ ఇంటివారి పేరున నమోదవుతుందా అన్నవి రాతలో ఉండాలి. బయానా సరుకు ఖర్చుకు సరిపడా ఉంటే చాలు, సగానికి మించి ముందే అడిగితే ఒప్పుకోనక్కరలేదు. పని ముగిశాక మొదటి పరీక్షలో లాగే కెమెరాను కింది నుంచి పైదాకా తెగకుండా పంపి ఆ వీడియో ఇవ్వాలని, అధికారి తనిఖీ ఉంటే అది పూర్తయ్యాకే చివరి వాయిదా చెల్లిస్తామని ముందే రాసుకోవాలి. పగుళ్లు ఉన్నాయని రాసిన అతుకుల దగ్గర ఇప్పుడు ఏముందో ఆ వీడియోలో కనిపించాలి.